ఎడమ వరస

మొక్క కనబడితే చాలు, సూపర్‌వైజరుగారు దాన్ని లాగి చూస్తారు. పీకరు. పీకుతారని ఎవరైనా అంటే ఆయనకు కోపం వస్తుంది. వంగి, కాండాన్ని మొదట్లో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, పైకి ఒక్క చిన్న గుంజు గుంజుతారంతే. మొక్క నేలను గట్టిగా పట్టుకుని ఉంటే వదిలేసి, వేళ్లు ప్యాంటుకి తుడుచుకుని ముందుకు నడుస్తారు. పొద్దున్నే పళ్లు తోముకోవడం ఒకరోజు మరిచిపోయారేమో గానీ, ఇది మరిచిపోయిన రోజు లేదు.

దీనికి చోటూ వేళా లేవు. ఒకసారి పళ్ల డాక్టరు దగ్గర కూర్చుని, పక్కనున్న కుండీలో మొక్కను అలవాటుగా లాగారు. అది ప్లాస్టిక్ మొక్క. కుండీలో పోసిన గులకరాళ్లతో సహా ఒళ్లోకొచ్చి పడింది. ఇంకోసారి బంధువుల పెళ్లిలో, వేదిక పక్కన వరసగా పెట్టిన పూలకుండీలన్నీ లాగి చూసుకుంటూ వెళ్తుంటే, పెళ్లికొడుకు మేనత్త వచ్చి ఆయన భార్యను అడిగింది: "వదినా, అన్నయ్యగారు కుండీల్లో ఏమన్నా పోగొట్టుకున్నారా?"

"పోయింది ఈయన బుర్ర. అది కుండీల్లో దొరకదులే వదినా" అని చెప్పిందట భార్య.

వాళ్లింట్లో ఏ మొక్కా మూడు నెలలు దాటి బతకలేదు. ఇంటి గాలి పడటం లేదని సూపర్‌వైజరుగారి అభిప్రాయం. "గాలి కాదు, చెయ్యి" అని భార్య చాలాసార్లు అంది. తోటల విభాగంలో ముప్పై ఏళ్ల సర్వీసున్న మనిషి, మొక్కల సంగతి భార్య చెబితే వింటాడా? వినలేదు.

భార్య తమ్ముడు అదే విభాగంలో నీళ్ల ట్యాంకరు నడుపుతాడు. కాపురం మేడమీద, టిఫిన్లు మాత్రం కింద అక్క దగ్గర. బావను ఆటపట్టించడం అతనికి ప్రభుత్వం జీతమిచ్చి అప్పగించిన రెండో డ్యూటీ.

"బావా, ముప్పై ఏళ్లు ఆఫీసులో ఏం పీకావని ఎవరైనా అడిగితే తడుముకోనక్కర్లేని మనిషివి నువ్వొక్కడివే."

"పీకలేదురా. లాగాను."

"అదే, దండగ పనికి పేరు మార్చావు."

ఈ అలవాటు వెనక ఒక కథ ఉంది. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది, ఎవరో పెద్దమనిషి పార్కు ప్రారంభానికి వస్తున్నాడని ఒక కాంట్రాక్టరు రాత్రికి రాత్రి మూడువందల మొక్కలు నాటాడు. పచ్చగా, ఏపుగా, పూలతో సహా ఉన్నాయి. కుర్ర సూపర్‌వైజరు మురిసిపోయి, ముట్టినట్టు సంతకం పెట్టాడు. నాలుగో రోజుకి మూడువందలూ వరుగుల్లా ఎండాయి. అవి మొక్కలు కావు, ఎక్కడో నరికి తెచ్చి మట్టిలో గుచ్చిన కొమ్మలు. అప్పటి అధికారి ఆయన్ని పిలిచి, ఒక ఎండుకొమ్మను బల్లమీద పెట్టి, "దీనికి వేళ్లెక్కడున్నాయో చూపించు" అన్నాడు. ఆయన నిజంగానే కొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ అమాయకత్వానికి అధికారికి ఇంకా ఒళ్లు మండింది. పద్నాలుగు నెలలు స్టోరు గదిలో పడేశారు. అక్కడ చిల్లులు పడ్డ రబ్బరు పైపులను చుట్టచుడుతూ, ఇక జన్మలో లాగి చూడకుండా ఏ మొక్కనూ నమ్మకూడదని ఒట్టు పెట్టుకున్నారు.

ఒట్టు ఒట్టే. దానివల్ల ఎవరికీ నష్టం లేదనే ఆయన అనుకున్నారు, ఆ డివైడరు టెండరు వచ్చేదాకా.

స్టేషను నుంచి పెద్దాసుపత్రి దాకా నాలుగు కిలోమీటర్ల రోడ్డు. నడుమ నాలుగడుగుల వెడల్పు డివైడరు. అందులో మట్టి ఉండేది, మొక్కలు ఉండేవి కావు. సిగరెట్ పెట్టెలు, తెగిన ఒంటి చెప్పులు, ఎన్నడో జరిగిన ఎన్నికల జెండాకర్రలు, ఎవరిదో తెలియని ఒక మేక ఉండేవి. ఆ డివైడరంతా గన్నేరు మొక్కలు పెంచి మూడేళ్లు చూసుకోవడానికి కార్పొరేషను టెండరు పిలిచింది.

అప్పటికి కొత్తగా ఒక ఇంజనీరు మేడం బదిలీ మీద వచ్చింది. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ చదువుతుంది. టెండర్లు వేసినవాళ్లు పంపిన రంగుల ఫొటోలన్నీ తిరగేసి, "ఫొటోలో మొక్క ఎప్పటికీ ఎండదు కదా. నేలమీద చూద్దాం" అంది. అర్హత ఉన్నవాళ్లు ఇద్దరే తేలారు. ధరల్లోనూ ఇద్దరికీ పెద్ద తేడా లేదు. ఒక్కొక్కరికి డివైడరు మీద ఇరవై మీటర్ల చొప్పున కేటాయించింది. రెండు వరసలు, వరసకి ఇరవై మొక్కలు. నలభై అయిదు రోజులు పెంచి చూపించాలి. కాపలా ఎవరిది వాళ్లదే. ఆ తర్వాత కమిటీ వచ్చి చూసి తేలుస్తుంది. కమిటీ అంటే మేడం, లెక్కల ఆఫీసరు, నోట్ రాయడానికి సూపర్‌వైజరు.

ఇద్దరిలో ఒకరు కాలవగట్టు మీద నర్సరీ నడిపే ఆవిడ. చేతులకెప్పుడూ మట్టి, నోటికెప్పుడూ పని. ఎనిమిది మంది ఆడవాళ్లు ఆమె దగ్గర పనిచేస్తారు. నర్సరీ స్థలం కౌలుది. దాని యజమానికి అక్కడ ఫంక్షను హాలు కట్టాలని ఒక్కటే గుల. మూడేళ్ల కార్పొరేషను కాంట్రాక్టు కాగితం చూపిస్తే కౌలు పొడిగిస్తానన్నాడు. చూపించలేకపోతే ఎనిమిది మందీ, ఆవిడా, మొక్కలూ రోడ్డు మీదికే.

రెండోవాణ్ణి అందరూ సెంటు కాంట్రాక్టరు అంటారు. మనిషి కన్నా ముందు సెంటు వాసన లోపలికొస్తుంది, మనిషి వెళ్లిపోయినా అది కుర్చీలో కూర్చునే ఉంటుంది. ఫుట్‌పాత్ బిళ్లలు, మురుక్కాలవ మూతలు, చెత్తడబ్బాలు, ఏ టెండరయినా వేస్తాడు. మొక్క అనేదాన్ని అతను భోజనంలో తప్ప ఇంకెక్కడా దగ్గర్నుంచి చూడలేదని ఆఫీసులో చెప్పుకునేవారు.

ఇక సూపర్‌వైజరుగారి సంగతి. రిటైరవడానికి ఇంకా ఏడాదిన్నర. తోటల సూపరింటెండెంటు పోస్టు ఖాళీగా ఉంది. పదకొండేళ్లుగా ఆ జాబితాలో పాకుతూ పాకుతూ మొదటి పేరుకి చేరారు. ఆ పోస్టుకి తలుపున్న గది ఉంది, గిర్రున తిరిగే చక్రాల కుర్చీ ఉంది, నొక్కితే మోగే గంట ఉంది. ఫైలు ఇంజనీరు మేడం బల్లమీదే ఉంది, సంతకం ఒక్కటే తరువాయి. భార్య అప్పుడే ఆ కుర్చీకి నీలం రంగు మెత్త కుట్టి, అంచుకి కుచ్చులు కూడా పెట్టేసింది.

"ఇంకా రాలేదే!" అంటే, "మీ నడుముకి వచ్చేసింది కదా నొప్పి. కుర్చీ రావడమే ఆలస్యం" అంది.

నమూనా మొక్కలు నాటిన మర్నాటినుంచి సూపర్‌వైజరుగారి రౌండు మొదలైంది. పొద్దున ఆరున్నరకి బావమరిది ట్యాంకరులో వచ్చి స్టేషను దగ్గర దిగడం, డివైడరు పక్కగా నడుచుకుంటూ పోవడం. ముందు నర్సరీ ఆవిడ జాగా వస్తుంది. ఆవిడ కంచె వెయ్యలేదు, కంచెకి పెట్టే డబ్బుతో ఎరువు కొంది. లేత మొక్కలు, మోకాలెత్తు. సూపర్‌వైజరుగారు వంగి, వేళ్లకి అందినవాటినల్లా లాగి చూసుకుంటూ పోయేవారు. అన్నీ నేలను పట్టుకునే ఉండేవి. "బంగారు తల్లి, నిఖార్సయిన సరుకు" అని మెచ్చుకుని వేళ్లు తుడుచుకునేవారు.

అక్కడికి వంద గజాల దూరంలో సెంటు కాంట్రాక్టరు జాగా. నడుమెత్తున ఆకుపచ్చ వల, వలకి తలుపు, తలుపుకి తాళం, తాళం పక్కన కుర్చీ, కుర్చీలో కాపలావాడు, వాడి పక్కన ఒక గోనెసంచి. లోపల నలభై మొక్కలూ తొలిరోజు నుంచే నిండా పూలతో నవ్వుతున్నాయి.

"ఓసారి తలుపు తియ్యవయ్యా, చూస్తాను."

"కళ్లున్నాయి కదా సార్, బయటినుంచి చూడండి. కమిటీ వచ్చేదాకా ఎవరి చెయ్యీ పడకూడదని మా సార్ చెప్పాడు."

నిబంధనల్లో కాపలా ఎవరిది వాళ్లదే అని ఉంది మరి. ఏం చేస్తారు? తాళం వంక కోపంగా చూసి వెళ్లిపోయేవారు. ఆదివారాలు మినహా నలభై అయిదు రోజులూ ఇదే వరస: ఆవిడవి లాగడం, ఇతనివి చూడటం.

అయిదో వారానికి నర్సరీ ఆవిడ మొక్కలు కొన్ని తలలు వాల్చాయి. సూపర్‌వైజరుగారికి కంగారు పుట్టింది. కంగారు పుట్టినప్పుడు ఆయన ఏం చేస్తారో వేరే చెప్పాలా? ఇంకాస్త శ్రద్ధగా లాగి చూశారు.

కమిటీ వచ్చిన రోజున ఎండ చిటపటలాడుతోంది. ఇంజనీరు మేడం గొడుగేసుకుని నర్సరీ ఆవిడ జాగా ముందు నిలబడి రెండు వరసలనూ మార్చి మార్చి చూసింది. కుడి వరసలో ఇరవై మొక్కలూ నవనవలాడుతున్నాయి, ఒకటి రెండు మొగ్గ కూడా తొడిగాయి. ఎడమ వరసలో ఇరవయ్యింటిలో పదిహేడు నిలువునా ఎండిపోయాయి.

"ఒకే మట్టి, ఒకే నీళ్లు. ఇదేం పంట?" అన్నాడు లెక్కల ఆఫీసరు.

నర్సరీ ఆవిడ ఒక ఎండుమొక్కను మట్టితో సహా పెళ్లగించి అరచేతిలో పెట్టి చూపించింది. "ఇదుగోండి, చూడండి మేడం. వేరు బాగానే పుట్టింది, పుట్టింది పుట్టినట్టు తెగిపోయింది. రోజూ పొద్దున్నే ఎవడో దరిద్రుడు వచ్చి నా మొక్కల్ని కదిపిపోతున్నాడు. మట్టిలో వేలిముద్రలు కూడా చూశాను. నీళ్లు పట్టడానికి నేనొచ్చేసరికి ఏడవుతుంది, ఈలోగా పని కానిచ్చేస్తున్నాడు. వాడి చేతులు విరగ! వాడి ఇంట్లో పచ్చటి ఆకు మొలవకుండా పోను!"

"మొలవడం లేదమ్మా" అనబోయి సూపర్‌వైజరుగారు నాలుక కరుచుకున్నారు.

అప్పటిదాకా ఆయనకు తట్టనే లేదు. ఇప్పుడు స్టేషను వైపు నుంచి ఆసుపత్రి వైపు చూశారు. ఆయన నడిచి వచ్చే పక్కనున్నది ఎడమ వరస. కుడి వరస ఆయన చేతికి అందదు, మధ్యలో పొట్ట అడ్డం. ఆ వరసలో ఇరవై మొక్కల్నీ కాపాడింది ఆ పొట్టే.

"ఎవరో కదిపారంటే ఎలాగమ్మా? కాపలా మీ బాధ్యతే కదా" అంటూ మేడం ముందుకు నడిచింది. సెంటు కాంట్రాక్టరు జాగా దగ్గర తాళం తీశారు. నలభై మొక్కలు, నిండా పూలు, ఒక్క పసుపుటాకు లేదు. సెంటు వాసన పూలవాసనని కూడా మింగేసింది.

"నా సొంత పిల్లల్లా పెంచాను మేడం" అన్నాడు కాంట్రాక్టరు.

మేడం సూపర్‌వైజరు వైపు తిరిగింది. "నోట్ రాసి మూడింటికి నా గదికి తీసుకురండి. నర్సరీవారి ఎడమ వరసలో పదిహేడు మొక్కలు ఎండినవి. కారణం: నాణ్యత లేని మొక్కలు. సంతకాలు పెట్టి ఈరోజే తేల్చేద్దాం. మీ ప్రమోషన్ ఫైలు కూడా పనిలో పని ఇవాళే పంపించేస్తాను."

ట్యాంకరెక్కి కూర్చున్నాక ఆయన తన రెండు వేళ్లనే చూసుకుంటూ ఉన్నారు. బావమరిది గేరు మార్చాడు.

"ఏంటి బావా, ఎండకి నువ్వు కూడా వాడిపోయావు?"

"ఒరేయ్, ఆ దరిద్రుణ్ణి నేనేరా."

విషయం విన్నాక బావమరిది రోడ్డు పక్కన ట్యాంకరు ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"చెబితే నీ చక్రాల కుర్చీ ఉఫ్ బావా. టెండరు మొక్కల్ని చంపాడని మెమో ఇస్తారు. మెమో ఉన్నవాడికి ప్రమోషన్ ఎవడిస్తాడు?"

"తెలుసు."

"చెప్పకపోతే?"

"ఆవిడ నర్సరీ ఉఫ్."

"నాకేం తోచడం లేదు బావా. అక్కని అడుగు."

భార్య అంతా విని, వడ్డించడం ఆపి, గరిటె పట్టుకునే నిలబడింది. "ఆ కిటికీలో మూడు గులాబీలు. మెట్లమీద రెండు మందారాలు. మా అమ్మ ఇచ్చిన మల్లెతీగ. నేను గాలి కాదు, చెయ్యి అన్నానా లేదా?"

"అన్నావు."

"నా మాట వినకపోతే పోయె. ఆ ఎనిమిది మంది పొట్ట కొట్టి ఆ కుర్చీలో కూర్చుంటే నేను కుట్టిన మెత్త మీకు ముళ్లలా గుచ్చుకోదూ?" అని, అన్నం పెట్టి, లోపలికెళ్లి నీలం మెత్తను బీరువాలో పై అరకి ఎక్కించింది. అది చూశాక ఆయనకు అడగాల్సిందేమీ మిగల్లేదు.

మూడింటికి నోట్ పట్టుకుని మేడం గదిలోకి వెళ్లారు. లెక్కల ఆఫీసరు, సెంటు కాంట్రాక్టరు అప్పటికే కూర్చుని ఉన్నారు. నర్సరీ ఆవిడ తలుపు దగ్గర నిలబడి ఉంది. మేడం నోట్ చదువుతూ కారణం దగ్గర ఆగిపోయింది.

"ఇదేంటి? కారణం అన్నచోట మీ హోదా రాశారు?"

"కారణం నేనే మేడం. రోజూ పొద్దున నేనే లాగాను."

"లాగడమేంటి?"

"వేరు పట్టుకుందో లేదోనని... ఇలా" అంటూ ఆయన మేడం బల్లమీది కుండీలో మొక్క మొదట్లో రెండు వేళ్లూ పెట్టారు.

"వద్దు!" అని గదిలో నలుగురూ ఒక్కసారే అరిచారు.

లెక్కల ఆఫీసరు తన పాతికేళ్ల సర్వీసులో తప్పు ఒప్పుకున్న ఉద్యోగిని చూడటం ఇదే మొదటిసారేమో, నోట్ లాక్కుని రెండుసార్లు చదివాడు. మేడం నవ్వలేదు, తిట్టలేదు. టైపిస్టును పిలిచి మూడు కాగితాలు చెప్పింది. మొదటిది మెమో. రెండోది, ఎండిన మొక్కల స్థానంలో కొత్తవి నాటుకోవడానికి నర్సరీవారికి ఇంకో పాతిక రోజుల గడువు, అన్నాళ్లూ ఇద్దరూ తమ నమూనాలను ఇలాగే కాపాడాలి. మూడోది ఉత్తర్వు: "తోటల విభాగం సూపర్‌వైజరు తదుపరి ఆదేశాలు వచ్చేవరకు కార్పొరేషన్ పరిధిలోని ఏ మొక్కనూ చేతితో ముట్టరాదు."

ప్రమోషన్ ఫైలును ఎర్రటేపు కట్టి పక్కన పెట్టేసింది.

"నావి బాగానే ఉన్నాయి కదా మేడం. ఆయన చేసినదానికి నాకెందుకు ఇంకో పాతిక రోజుల శిక్ష?" అన్నాడు సెంటు కాంట్రాక్టరు.

"శిక్షేముంది? సొంత పిల్లల్లా పెంచారు కదా, ఇంకో పాతిక రోజులు పెంచండి."

కాంట్రాక్టరు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. గదంతా మళ్లీ సెంటు.

వరండాలో నర్సరీ ఆవిడ దారికడ్డంగా నిలబడింది. "మీరేనన్నమాట ఆ దరిద్రులు."

"అవునమ్మా, నేనే ఆ దరిద్రుణ్ణి."

"ఏదీ, ఆ చెయ్యి చూపించండి." చూపించారు. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది. "పట్టుకోవడం మాత్రం పనితనంగా పట్టారు. పదిహేడు మొక్కల్లో ఒక్కదానికీ కాండం మీద గీత లేదు. అందుకే పందికొక్కు కాదు మనిషేనని కనిపెట్టాను." ఆ మాట మెప్పో తిట్టో ఆయనకు తేలలేదు. ఆమె చంకసంచిలోంచి మట్టి మరకల నోటుపుస్తకం, దారం కట్టిన పెన్సిలు తీసి ఆ చేతిలోనే పెట్టింది. "ఖాళీగా ఉంటే ఈ చెయ్యి మళ్లీ నా మొక్కలమీదికే వస్తుంది. ఇది పట్టుకోండి. ఏమైనా రాసుకోండి, మీ ఇష్టం. చెయ్యి మాత్రం కాగితం దాటి రాకూడదు."

మర్నాటినుంచి సూపర్‌వైజరుగారు పుస్తకం పట్టుకుని తిరగడం మొదలుపెట్టారు. ఏం రాయాలో తెలియలేదు. ముట్టకుండా మొక్క గురించి తెలుసుకోవడం ఆయనకు కొత్త విద్య. సరే, కనబడేదే రాద్దామని ప్రతి మొక్కకీ అంకె వేసి పక్కన దాని సంగతి రాశారు. ఆవిడ జాగాలో: 'ఒకటి, కొత్త చిగురు. రెండు, రెండు మొగ్గలు.' సెంటు కాంట్రాక్టరు వల బయట నిలబడి: 'ఒకటి, ఎర్రపూలు. రెండు, తెల్లపూలు.' అంతకు ముందు నెలన్నర ఆయన కళ్లు తాళం మీదే ఉండేవి. పూల రంగు చూడటం ఇదే మొదలు.

కాపలావాడు జాలిపడ్డాడు. "పాపం సార్, ఇన్నేళ్లకి మళ్లీ ఒకటో తరగతిలో వేశారా?"

సోమవారం పదిహేడో మొక్క దగ్గర 'ఎరుపు' అని రాశారు. గురువారం అదే పదిహేడో మొక్క దగ్గరికొచ్చేసరికి పెన్సిలు ఆగింది. తెల్లపూలు. కళ్లజోడు తుడుచుకున్నారు. మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చారు. పదిహేడు తెలుపే.

"ఒరేయ్, మొక్కకి రంగు మారిందిరా" అన్నారు ట్యాంకరెక్కుతూ.

"ముట్టుకోకపోతే నీకు పిచ్చి పడుతుందని నాకు ముందే తెలుసు బావా."

"పుస్తకంలో రాసుంది."

"రాసింది నువ్వే కదా!"

వాదించి లాభం లేదని, ఆ తర్వాతి సోమవారం బావమరిదినే సాక్ష్యానికి పెట్టారు. ట్యాంకరు సీటు ఎత్తు, వలమీంచి అంతా కనబడుతుంది. బండి నెమ్మదిగా పోనిస్తూ అతను రంగులు చదివాడు, కింద నడుస్తూ బావ రాసుకున్నారు. పదిహేడు గులాబిరంగు. తొమ్మిది, ఇరవై రెండు, ముప్పై కూడా మారాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"బావా," అన్నాడు బావమరిది గొంతు తగ్గించి, "ఆ గోనెసంచి సోమవారం, గురువారం ఉబ్బి ఉంటుంది. మిగతా రోజుల్లో చదునుగా ఉంటుంది. వాడి పక్కబట్టలనుకున్నా ఇన్నాళ్లూ."

సూపర్‌వైజరుగారికి స్టోరు గది, రబ్బరు పైపులు, బల్లమీది ఎండుకొమ్మ గుర్తొచ్చాయి. చెయ్యి జివ్వుమంది. వల తెంపుకుని లోపలికెళ్లి ఒక్కటంటే ఒక్కటి లాగితే చాలు, తేలిపోతుంది. ఆయన ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని, పుస్తకం చంకలో ఇరికించుకుని ఇంటికెళ్లారు. మిగిలిన రోజులన్నీ రాస్తూనే ఉన్నారు. నాలుగు పేజీలు నిండాయి.

పాతికో రోజున కమిటీ మళ్లీ వచ్చింది. నర్సరీ ఆవిడ జాగాలో కుడి వరస విరగబూసింది. ఎడమ వరసలో కొత్త మొక్కలు చిన్నవే గానీ ఒక్కటీ తలవాల్చలేదు. మేడం తలూపి, సెంటు కాంట్రాక్టరు జాగాకి నడిచింది. తాళం తీయగానే నలభై మొక్కలూ ఎప్పటిలాగే నవ్వాయి.

సూపర్‌వైజరుగారు పుస్తకం అందించారు. మేడం చదివింది. చదివి, పైకి వినిపించింది: "పదిహేడు. ఎరుపు, తెలుపు, గులాబి, మళ్లీ తెలుపు." వంగి చూసింది. "ఇవాళ ఎరుపు."

"ఎండ మేడం. ఎండ దెబ్బకి పూలు రంగు మారతాయి" అన్నాడు కాంట్రాక్టరు, నుదురు తుడుచుకుంటూ.

లెక్కల ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "మా ఆవిడ చీరలు కూడా ఎండకి వెలుస్తాయయ్యా. తెల్లచీర ఎర్రబడటం మాత్రం మా ఇంట్లో ఇంకా జరగలేదు."

మేడం సూపర్‌వైజరు వైపు తిరిగింది. "లాగండి."

ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు. "ముట్టకూడదని ఉత్తర్వు ఉంది మేడం. తమరే ఇచ్చారు."

మేడం గొడుగు లెక్కల ఆఫీసరుకిచ్చింది. వంగి, ఆ రోజు గదిలో ఆయన చూపించబోయినట్టే, పదిహేడో మొక్కను మొదట్లో బొటనవేలితో చూపుడువేలితో పట్టుకుని పైకి గుంజింది. కేకులోంచి కొవ్వొత్తి వచ్చినంత తేలిగ్గా వచ్చేసింది. అడుగున వేరూ లేదు, నారూ లేదు. పెన్సిలు చెక్కినట్టు ఏటవాలుగా కోసిన కొమ్మ.

మేడం దాన్ని కాంట్రాక్టరు మొహం ముందు పెట్టింది. "దీనికి వేళ్లెక్కడున్నాయో చూపించండి."

ముప్పై ఏళ్ల కిందటి మాట అచ్చంగా అలాగే వినబడేసరికి సూపర్‌వైజరుగారు ఒక అడుగు వెనక్కి వేశారు. కాంట్రాక్టరు మాత్రం ఆయనలా అమాయకుడు కాడు, కొమ్మను తిప్పి చూడలేదు. కాపలావాడు అప్పటికే గోనెసంచి వదిలేసి రోడ్డు దాటేస్తున్నాడు.

"సొంత పిల్లలన్నావు కదయ్యా" అంది నర్సరీ ఆవిడ, "వారానికి రెండుసార్లు పిల్లల్ని మార్చే తండ్రిని నిన్నే చూశా!"

ఆ సాయంత్రమే కాంట్రాక్టు నర్సరీ ఆవిడకి ఖాయమైంది. కాగితం చూసి స్థలం యజమాని మూడేళ్లకి కౌలు రాసిచ్చాడు. ఫంక్షను హాలు వేరేచోట కట్టుకుంటున్నాడు.

మెమో మాత్రం అలాగే ఉంది. దాన్ని వెనక్కి తీసుకోవచ్చేమో చూడండని లెక్కల ఆఫీసరు మేడంతో అన్నాడు. "అందులో రాసింది నిజమే కదా" అంది మేడం. "నిజమే మేడం" అన్నారు సూపర్‌వైజరుగారు. జాబితాలో రెండో పేరువాడు సూపరింటెండెంటయ్యాడు. గంట నొక్కి నొక్కి రెండు వారాల్లో పాడుచేశాడట.

నీలం మెత్త మరి కొన్నాళ్లు బీరువాలోనే ఉంది. ఒకరోజు భార్య దాన్ని దులిపి తమ్ముడికిచ్చింది. ఇప్పుడది ట్యాంకరు డ్రైవరు సీటులో ఉంది. కుచ్చుల్లో ఒకటి ఊడిపోయింది.

సూపర్‌వైజరుగారు సూపర్‌వైజరుగానే రిటైరయ్యారు. పొద్దున ఆరున్నరకి స్టేషను నుంచి పెద్దాసుపత్రి దాకా డివైడరు పక్కనే నడుస్తారు, చేతులు వెనక్కి కట్టుకుని. ముట్టరాదన్న ఉత్తర్వును ఎవరూ రద్దు చెయ్యలేదు, ఆయన అడగనూ లేదు. వాళ్లింటి ముందు పదకొండు కుండీలున్నాయి. నాటేదీ మట్టి మార్చేదీ భార్య, నీళ్లు పోసేది ఆయన. పదకొండూ బతికే ఉన్నాయి.